సుపరిపాలనకు సహాయం: ఎవరు ఎవరికి జవాబుదారీ?

1

దసరా రాత్రి దేవరగట్టుకు వచ్చేవాళ్లలో చాలామంది కర్రలు చూసి, పగిలిన తలలు చూసి, తెల్లవారకముందే వెళ్లిపోతారు. అర్ధరాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం అయ్యాక, కొండ దిగిన ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు దివిటీలు పట్టుకుని కర్రలతో కలబడతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఒకవైపు. చుట్టుపట్ల ఊళ్లు మరొకవైపు. దెబ్బ తగిలినచోట పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి పోతారు. తెల్లవారాక భవిష్యవాణి వింటారు. వానలు ఎలా పడతాయి, పత్తి ధర ఎంత పలుకుతుంది, జొన్న ధర ఎంత పలుకుతుంది అన్నవే అక్కడ వినిపించే జోస్యాలు. ఈ ఆచారాన్ని సమర్థించడానికి నేనీ వ్యాసం రాయడంలేదు. ఏ దేవుడి పేరుతోనైనా సరే, పేదవాడి తల పగలడం నాకు సమ్మతం కాదు. నేను చెప్పదలచుకున్నది వేరే విషయం.

ఆ ఒక్క రాత్రి ప్రభుత్వం అక్కడ సంపూర్ణంగా ఉంటుంది. వందలాది పోలీసులు, కెమెరాలు, పైన తిరిగే డ్రోన్లు, వైద్య శిబిరం, అంబులెన్సులు, రెవెన్యూ అధికారులు, మద్యం మీద నిషేధం అన్నీ ఉంటాయి. పండుగకు ముందునుంచే ఊళ్లలో అవగాహన సదస్సులు పెట్టి, మీరు మారాలని చెబుతారు. పండుగ వెళ్లిపోతుంది. ఆ తరువాత ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరపచేలకు బయలుదేరుతాయి. పిల్లలు బడి మానేసి తల్లిదండ్రుల వెంట నడుస్తారు. అప్పుడు ఆ ప్రభుత్వం ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. కర్ర పట్టినవాడి స్వభావం గురించి చర్చ జరుగుతుంది గాని, అతని చేతికి పని లేకపోవడం గురించి సదస్సు జరగదు.

సరిగ్గా ఇటువంటి చర్చే ప్రపంచంలో మరోచోట, మరింత పెద్ద ఎత్తున, మరింత పెద్ద డబ్బుతో జరుగుతున్నది. పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీపదేశాల గురించి ధనికదేశాలు రాసే నివేదికలు చదివినప్పుడల్లా నాకు మన సదస్సులే జ్ఞాపకం వస్తాయి. అక్కడ పాలన బలహీనం, జాతుల మధ్య తగాదాలు ఎక్కువ, అధికారులకు సామర్థ్యం లేదు, కాబట్టి పాలనను పటిష్టం చేయడానికి సహాయం చెయ్యాలి అన్నది ఆ నివేదికల సారాంశం. ఆ ద్వీపదేశాల్లో ఫిజీ ఒకటి. అక్కడ వందేళ్లకు పైబడి తెలుగువాళ్లున్నారు. అందుచేత ఈ విషయం మనకు పరాయిది కాదు. సహాయం వద్దని వాదించడం నా ఉద్దేశం కాదు. పాలనను బాగుచెయ్యడానికి వచ్చిన డబ్బు పాలకులను ఎవరికి జవాబుదారీ చేసింది అన్నదే నా ప్రశ్న. ఈ ప్రశ్నకు చరిత్రలో చాలా సమాధానాలున్నాయి. మొదటిది మన నేలమీదే దొరుకుతుంది.

2

దేవరగట్టు ఉన్న ఆలూరు ప్రాంతమూ, ఆదోనీ 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన మండలాల్లో ఇవీ ఉన్నాయి. 1876లో వానలు పోయాయి. 1876–78 నాటి ఆ కరువు మద్రాసు రాష్ట్రంలో లక్షలాదిమందిని పొట్టన పెట్టుకుంది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దానికి ఎక్కువగా బలి అయినవి.

అప్పుడు వైస్రాయి లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. మద్రాసు ప్రభుత్వం కరువు పనులకు ఎక్కువ ఖర్చు పెడుతున్నదనీ, దాన్ని క్రమశిక్షణలో పెట్టాలనీ అతనికి అప్పగించిన పని. 1877 జనవరిలో అతను కూలీల బత్తెం తగ్గించాడు. వయసు వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. కొన్ని నెలల తరువాత, ఎన్నో శవాలు లేచిన తరువాత, కూలి కొంచెం పెంచారు. అదే ఏడాది లండను నగరంలో మాన్షన్ హౌస్ నిధి పేరిట చందాలు పోగుచేసి పంపారు. అది దయగల మనుషులు ఇచ్చిన డబ్బే. కాని ఆ కాలంలోనే దేశంలోని ధాన్యం ఓడలెక్కి బయటి దేశాలకు పోతూనే ఉంది. ఒక చేత్తో తీసుకున్నదానిలో కొంత మరొక చేత్తో ఇచ్చి, ఇచ్చిన చేతికి దాత అని పేరు పెట్టుకున్నారు.

1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది. దాని వెనుక కరువు కోడ్‌లు వచ్చాయి. కరువును ఎప్పుడు గుర్తించాలి, ఎవరికి ఎంత కూలి ఇవ్వాలి, ఎవరు ఎవరికి నివేదిక పంపాలి అన్నదంతా అందులో ఉంది. ఈనాటి మాటలో చెప్పాలంటే అది పరిపాలనా సంస్కరణ. దానివల్ల ప్రయోజనమే లేదని నేననను. తరువాతి కరువుల్లో అది కొన్ని ప్రాణాలు నిలబెట్టింది. కాని ఆ కోడ్‌లో ఒక లోపం పుట్టుకతోనే ఉంది. ఆకలిగొన్న మనిషిని కొలిచే పద్ధతి అందులో ఉంది గాని, ఆ మనిషి అధికారిని నిలదీసే పద్ధతి లేదు. తాలూకా అధికారి కలెక్టరుకు, కలెక్టరు మద్రాసుకు, మద్రాసు కలకత్తాకు, కలకత్తా లండనుకు జవాబు చెప్పుకున్నారు. ఆలూరు రైతుకు జవాబు చెప్పవలసినవాడు ఆ వరసలో ఎక్కడా లేడు.

3

అదే దశకంలో ఫిజీలో మరొక పాలన తయారవుతున్నది. 1874 అక్టోబరు 10న ఆ దీవులు బ్రిటిషు వలస అయ్యాయి. మొదటి గవర్నర్లలో ముఖ్యుడు ఆర్థర్ గోర్డన్. స్థానిక ఫిజీయుల భూమిని అమ్మకుండా కాపాడాలనీ, వారిని వారి పెద్దల ద్వారానే పాలించాలనీ అతను నిర్ణయించాడు. వినడానికి ఇది మంచి నిర్ణయమే. కాని వలస ఖజానా నిండాలంటే తోటలు కావాలి, తోటలకు కూలీలు కావాలి. ఆ కూలీలను మన దేశం నుంచి తెచ్చారు. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ మొదటి కూలీలను ఫిజీలో దింపింది. 1916 దాకా సుమారు 61 వేలమందిని తీసుకుపోయారు. మొదట కలకత్తా రేవునుంచి, 1903 నుంచి మద్రాసు రేవునుంచి కూడా. మద్రాసు నుంచి పోయిన సుమారు 15 వేలమందిలో తమిళులూ, తెలుగువారూ, మలయాళులూ ఉన్నారు. అందరికీ కలిపి అక్కడ ‘మద్రాసీలు’ అని ఒకే పేరు. అగ్రిమెంటు అన్న మాట నోళ్లలో నలిగి ‘గిర్మిట్’ అయింది. అయిదేళ్ల ఆ గిర్మిట్‌లో పని ఎగ్గొట్టడం నేరం, జబ్బుచేసి పడుకుంటే కూలి కోత. యజమానుల్లో అన్నిటికన్నా పెద్దది ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ.

ఇట్లా ఆ సమాజాన్ని మూడు ముక్కలుగా చేశారు. భూమి ఫిజీయులది, శ్రమ భారతీయులది, పెట్టుబడి తెల్లవారిది. ముక్కలు కలవకుండా చూడటమే పరిపాలన అనిపించుకుంది. 1929లో భారతీయులు మొదటిసారి శాసనమండలికి ఎన్నికయ్యారు. జాతుల వారీగా వేరువేరు ఓటర్ల జాబితాలు వద్దు, అందరికీ ఒకే జాబితా కావాలని వారు తీర్మానం పెట్టారు. అది ఓడిపోతే బయటికి నడిచారు. 1943లో, 1960లో చెరకు రైతులు సమ్మెలు చేశారు. 1970 అక్టోబరు 10న స్వాతంత్య్రం వచ్చింది. జాతుల వారీ సీట్లు మాత్రం అట్లాగే మిగిలాయి. కంపెనీ 1973లో మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక సంగతి మరచిపోగూడదు. ఏ దాతా రాకముందే ఆ కూలీలు తమ వ్యవహారాలు తాము నడుపుకోవడం నేర్చుకున్నారు. 1926లో నాదీ పట్టణంలో సాధు కుప్పుస్వామి ఆధ్వర్యంలో దక్షిణాదివారి సంగం పుట్టింది. 1941లో తెలుగువారు ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. చెరకు నరికి మిగిల్చుకున్న డబ్బుతో బడులు కట్టారు. ఆ బడులు ఈనాటికీ నడుస్తున్నాయి. సామర్థ్యం లేదని నివేదికలు రాసేవాళ్లు ఈ బడుల లెక్క ఎక్కడా వెయ్యరు.

1987 ఏప్రిల్‌లో తిమోసి బవద్రా అనే ఫిజీ వైద్యుడి నాయకత్వాన రెండు జాతులవారి మద్దతూ ఉన్న ప్రభుత్వం గెలిచింది. వందేళ్ల విభజనను ప్రజలు ఓటుతో దాటిన క్షణమది. నెల తిరిగేసరికి సిటివేని రబుకా అనే సైన్యాధికారి పార్లమెంటులోకి చొరబడి ఆ ప్రభుత్వాన్ని కూలదోశాడు. ఆ రోజు మే 14. లియోనిడాస్ ఓడ వచ్చిన తేదీ అదే. 2000 మే 19న జార్జి స్పెయిట్ ముఠా ప్రధాని మహేంద్ర చౌదరిని బంధించింది. 2006 డిసెంబరు 5న సైన్యాధిపతి బైనిమరామా అధికారం లాక్కున్నాడు. వేలాదిమంది భారతీయ సంతతివారు ఆ దేశం వదిలి ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు, కెనడాకు వెళ్లిపోయారు. జాతి తగాదాలు అని నివేదికలు చెప్పే జబ్బుకు ఓటర్ల జాబితాలోనూ, కౌలు పత్రంలోనూ బీజం ఉంది. ఆ బీజం నాటినవారి వారసులే ఇప్పుడు వైద్యులై వచ్చారు.

4

వైద్యం ఎట్లా జరిగిందో ఒక్క చెరకు ఉదాహరణతో చెబుతాను.

1975 నుంచి యూరపు మార్కెట్టు ఫిజీ పంచదారకు ప్రపంచ ధరకన్నా చాలా ఎక్కువ ధర ఇచ్చేది. ఆ ధరమీదనే చిన్న రైతుల బతుకు నిలబడింది. 2006 నుంచి యూరోపియన్ యూనియన్ తన సొంత అవసరాల కొద్దీ ఆ ధరను అంచెలంచెలుగా 36 శాతం తగ్గించడం మొదలుపెట్టింది. నష్టపోయే దేశాలు తట్టుకోవడానికి సహాయం చేస్తానంది. ఇంతలో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగింది. ప్రజాస్వామ్యం తిరిగి వస్తేనే డబ్బు అన్న షరతు వచ్చింది. 2007 సంవత్సరపు పంచదార సహాయం సున్నా అయింది. తరువాతి సంవత్సరాల డబ్బును ఎన్నికలకు ముడివేశారు. బైనిమరామా ఎన్నికలు పెట్టలేదు. ధర తగ్గింపు మాత్రం ఏ షరతూ లేకుండా అమలు జరిగింది.

సైనిక పాలనను శిక్షించవద్దని నేననడంలేదు. కాని శిక్ష ఎవరి వీపుమీద పడిందో చూడాలి. సైన్యాధిపతి ప్రధాని అయి కుర్చీలో కూర్చున్నాడు. పడమటి సహాయం ఆగితే చైనా వైపు చెయ్యి చాచాడు. ఎన్నికలు 2014 సెప్టెంబరులో, తన రాజ్యాంగం తాను రాసుకున్నాకే పెట్టాడు. ఈలోగా కౌలు గడువులు తీరి భూములు పోయి, మిల్లులు పాతబడి, ధర పడిపోయి చెరకు రైతు చితికిపోయాడు. 2006లో మూడు లక్షల టన్నులు దాటిన పంచదార ఉత్పత్తి 2010 నాటికి లక్షన్నర టన్నులు కూడా లేకుండా పోయింది. సహాయం ఆగడం ఒక్కటే దీనికి కారణం కాదు. అయినా పరిపాలన బాగుపడాలన్న షరతు పాలకుడిని తాకకుండా, అతన్ని ఎన్నుకోని రైతును తాకిందన్నది నిజం.

మన దేశం చేసింది కూడా చెప్పుకోవాలి. ఆ కాలంలోనే మన ఎగ్జిమ్ బ్యాంకు ఫిజీ మిల్లుల ఆధునికీకరణకు సుమారు 5 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. పని మన సంస్థలకే దక్కింది. మరమ్మతులు జరిగాక కూడా మిల్లులు తరచూ ఆగిపోతూ వచ్చాయి. చెరకు బళ్లు మిల్లు ముందు వరసలో నిలిచిపోతే నష్టపోయినవాడు రైతే. అప్పు తీర్చవలసింది ఆ దేశం. నిన్న సహాయం పుచ్చుకున్న దేశం ఇవాళ సహాయం చేసేటప్పుడు పాత యజమానుల అలవాట్లే నేర్చుకుంటే మనం గర్వించవలసింది ఏమీ లేదు.

ఫిజీ పొరుగున సోలోమన్ దీవులున్నాయి. అక్కడ గ్వాడల్‌కెనాల్, మలైటా దీవులవారి మధ్య భూమికోసం రక్తం పారింది. ప్రభుత్వం కోరిక మీద 2003 జులై 24న ఆస్ట్రేలియా నాయకత్వాన పసిఫిక్ దేశాల పోలీసులూ, సైనికులూ దిగారు. వేలాది తుపాకులు పోగుచేసి ధ్వంసం చేశారు. హత్యలు ఆగాయి. జనం ఊపిరి పీల్చుకున్నారు. దాన్ని కాదనడం అన్యాయం. ఆ బృందం 2017 జూన్ దాకా ఉంది. మొదటి పదేళ్లలో ఆస్ట్రేలియా పెట్టిన ఖర్చు సుమారు 260 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. అందులో అత్యధిక భాగం పోలీసులకు, కోర్టులకు, జైళ్లకు పోయింది. అక్కడ పనిచేసిన విదేశీ సలహాదారుల జీతాల రూపంలో చాలా డబ్బు వచ్చిన దారినే తిరిగి వెళ్లింది. తగాదాకు మూలమైన భూమి సమస్య, పని సమస్య అట్లాగే ఉన్నాయి. 2006 ఏప్రిల్‌లో ఆ బృందం ఉండగానే హోనియారా నగరం తగలబడింది. 2021 నవంబరులో మళ్లీ తగలబడింది. దేవరగట్టు కింద ఒక్క రాత్రి కాపలా కాసినట్టే అక్కడ పద్నాలుగేళ్లు కాపలా కాశారు.

నౌరు కథ ఇంకా సూటిగా ఉంటుంది. 21 చదరపు కిలోమీటర్ల ఆ దీవిలోని ఫాస్ఫేటు మట్టిని బ్రిటను, ఆస్ట్రేలియా, న్యూజిలాండు కలిసి దశాబ్దాలపాటు తవ్వి తమ పొలాలకు ఎరువుగా తరలించుకున్నాయి. 1968లో స్వాతంత్య్రం వచ్చేనాటికి దీవి మధ్యభాగంలో చాలామట్టుకు రాతి మొనలే మిగిలాయి. తవ్విన నేలను బాగుచెయ్యమని నౌరు 1989లో అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కింది. 1993లో ఆస్ట్రేలియా 10 కోట్ల 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీ చేసుకుంది. స్వతంత్ర నౌరు పాలకులు మిగిలిన డబ్బును దుర్వినియోగం చేశారన్నదీ నిజమే. ఆ దేశం దివాలా స్థితికి చేరాక, 2001లో ఆస్ట్రేలియా తన తీరానికి వచ్చే శరణార్థులను ఆ దీవిలో నిర్బంధించడానికి ఒప్పందం చేసుకుంది. దానికి ప్రతిఫలంగా సహాయం ఇచ్చింది. మనుషులను బంధించడానికి అద్దె కడుతూ మరోపక్క సుపరిపాలన గురించి పాఠాలు చెప్పడం ఏ రకం సహాయమో పాఠకులే ఆలోచించాలి.

5

ఇదంతా ఎక్కడో సముద్రాల మధ్య జరిగిన కథ అనుకోవడానికి వీలులేదు. ‘పాలనా సంక్షోభం’ అన్న మాటను ప్రపంచబ్యాంకు 1989లో ఆఫ్రికా గురించి రాసిన నివేదికలో వాడింది. అప్పుల భారం పెరిగింది తమ షరతులవల్ల కాదు, అప్పు తీసుకున్నవారి పాలన బాగాలేకనే అని చెప్పడానికి ఆ మాట బాగా పనికివచ్చింది. పదేళ్లు తిరగకుండా అది మన గడపలోకి వచ్చింది. 1998లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణం పేరుతో ప్రపంచబ్యాంకు సుమారు 54 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 1999లో విద్యుత్తు బోర్డును ముక్కలు చేశారు. ఛార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపును ప్రతిఘటిస్తూ అసెంబ్లీకి బయలుదేరిన జనంమీద హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. నిండు ప్రాణాలు పోయాయి. ఆ మరుసటి ఏడే, 2001లో, బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో హైదరాబాదులో సుపరిపాలన కేంద్రం వెలిసింది.

ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పెంచిన ఛార్జీ గురించి ప్రభుత్వం అప్పిచ్చినవారికి క్రమం తప్పకుండా నివేదికలు పంపింది. ఆ ఛార్జీ కట్టవలసిన జనం వీధిలోకి వచ్చి అడిగితే తుపాకితో జవాబు చెప్పింది. 1877లో ఆదోని ఉన్న వరస 2000లోనూ మారలేదు. కలకత్తా, లండను స్థానంలో వాషింగ్టన్ వచ్చింది, అంతే. మారింది ఒక్కటి ఉంది. 1877 నాటి కూలీకి ఓటు లేదు. 2004లో జనానికి ఉంది. దాన్ని వాళ్లు వాడుకున్నారు. ఆ ప్రభుత్వం ఓడిపోయింది. తరువాత వచ్చిన ప్రభుత్వాలు కూడా అప్పుల దారి విడిచిపెట్టలేదన్నది వేరే విషాదం. అయినా ఆ ఓటమి ఏ సలహాదారుడి నివేదికకన్నా ఎక్కువగా పాలకులకు జవాబుదారీతనం నేర్పింది.

కాబట్టి నేను చెప్పదలచిన మాట ఇది. చిన్న ద్వీపదేశాలకు డబ్బు కావాలి. తవ్వుకుపోయిన మట్టికి, పీల్చుకుపోయిన శ్రమకు, ఇప్పుడు ధనికదేశాల పొగవల్ల పైకి వస్తున్న సముద్రానికి అది వారికి రావలసిన బాకీ. బాకీ తీర్చేవాడు షరతులు పెట్టడు, లెక్క చూపిస్తాడు. ఆ డబ్బు ఎంత వచ్చింది, ఎవరి జీతాలకు పోయింది, ఏ ఊళ్లో ఏ బడి కట్టింది అన్నది అక్కడి రైతుకు తన భాషలో తెలిసి, అతను తన ఊళ్లో నిలబడి అడగగలిగితే అది పాలనను పటిష్టం చేసినట్టు. అడిగేవాడు రాజధానిలోని విదేశీ కార్యాలయంలో కూర్చున్నంతకాలం పటిష్టమయ్యేది ప్రభుత్వమే గాని ప్రజలు కాదు.

2022 డిసెంబరులో ఫిజీలో రబుకా ఎన్నికలద్వారా ప్రధాని అయ్యాడు. 2023 మే 14న, గిర్మిట్ కూలీల స్మారక దినాన, 1987లో తాను చేసినదానికి భారతీయ సంతతివారిని బహిరంగంగా క్షమాపణ అడిగాడు. ఒక్క క్షమాపణతో పోయిన భూములు తిరిగి రావు. వెళ్లిపోయినవాళ్లూ తిరిగి రారు. కాని ఆ మాట ఏ సహాయానికీ షరతుగా పుట్టలేదు. తమలో తాము కలిసి బతకక తప్పని మనుషుల ముందు ఒక పాలకుడు మొదటిసారి జవాబు చెప్పుకున్నాడు.

దేవరగట్టు కర్రలకు ముందు ఒక తంతు ఉంది. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు పాలు ముట్టుకుని బాస చేస్తారు. తమలో పగలు లేకుండా, కలిసికట్టుగా ఉంటామని. దీన్ని చూసేందుకు కెమెరాలు అంతగా ఆసక్తి చూపవు. ఆ బాస చేయగలిగిన మనుషులకు పాలన నేర్పడానికి ఎవరూ రానక్కరలేదు. వాళ్లకు కావలసింది చేనికి నీళ్లు, పిల్లలకు బడి, వలస పోనక్కరలేని పని. అవి ఎందుకు రాలేదని ఆ బాసలోని ఐకమత్యంతోనే ఒకనాడు వాళ్లు ఆదోనిలో, కర్నూలులో అడగాలి. పత్తి ధర సంగతి భవిష్యవాణిని అడిగే అవసరం ఆనాడు ఉండదు.